సగం షట్టరు

టికెట్టక్క దేశం విడిచి వెళ్ళిపోతోందన్న వార్త టైలరు పిన్ని కుట్టుమిషను దగ్గర పుట్టింది. అంచులు మడిచి కుట్టమని ఇచ్చిన కర్టెన్ల సంచిలో, అట్టడుగున, పిన్నికి ఒక నోటుబుక్కు దొరికింది. పరాయివాళ్ళ పుస్తకం తెరవడం తప్పని పిన్నికి తెలుసు, కాకపోతే ఆ సంగతి తెరిచాక గుర్తొచ్చింది. లోపలంతా ఇంగ్లీషు. పిన్నికి ఇంగ్లీషు రాదు గానీ అక్షరాలు కూడబలుక్కుంటే కొన్ని మాటలు నోటికి తగులుతాయి. ఒకచోట పాస్‌పోర్ట్ అని ఉంది. ఇంకోచోట లగేజ్. ఒక పేజీలో కింద గీత కొట్టి మరీ, వన్ వే టికెట్.

"వన్ వే అంటే తెలుసుగా?" అంది పిన్ని, గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన మనిషితో. "పోవడమే. రావడం లేదు."

సాయంత్రానికి ఆ మాటకు కాళ్ళొచ్చాయి. మర్నాటికి వీధంతా కలిసి దానికి బట్టలు కూడా తొడిగారు. టికెట్టక్కకు మొగుడితో పడటం లేదట. పోయినేడు వచ్చిన పరదేశి ఆవిడెవరో చీటీ ఇచ్చి వెళ్ళిందట, దాన్ని సొరుగులో తాళం వేసి దాచుకుందట. వారానికి మూడు రోజులు లైబ్రరీ మేడ మీద చదువు అందుకేనట. ఈ పుకారులో చీటీ సంగతీ, చదువు సంగతీ మాత్రం నిజం. మిగతాదంతా పిన్ని కుట్టిందే.

టికెట్టక్క అసలు పేరు ఏమిటో రేవులో చాలామందికి గుర్తులేదు. పదకొండేళ్ళుగా రేవు టికెట్ గదిలో ఆవిడే ఉంటుంది. గదికి ముందు ఒక షట్టరు, లోపల ఒక బల్ల, ఒక సొరుగు, ఒక కుర్చీ. కుర్చీలో ఆవిడ కూర్చున్నది ఎవరూ ఎక్కువగా చూడలేదు. లాంచీ సరస్సు దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళడానికి నలభై నిమిషాలు పడుతుంది, రావడానికి నలభై. తిరుగు ప్రయాణంలో నలభై ఒకటో నిమిషం వచ్చిందంటే ఆవిడ లేచి నిలబడుతుంది. నలభై ఐదో నిమిషానికి గది దాటి, సిమెంటు మెట్ల దాకా వెళ్ళి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూస్తుంది. మెట్ల తర్వాత చెక్కల వంతెన మొదలవుతుంది. అక్కడ ఆగిపోతుంది. లాంచీ చుక్కలా కనబడగానే వెనక్కి వచ్చి, ఏమీ ఎరగనట్టు టికెట్ల కట్ట సర్దుతుంది. లాంచీ నడిపే సరంగు ఆవిడ భర్త మరి.

ఆ రేవుకు ఒక అలవాటుంది. పడమటి గాలి ముదిరి లాంచీ ఆపేసిన రోజు, ఆ సంగతి ఎవరూ నోటితో చెప్పరు. టికెట్ గది షట్టరు సగానికి దించుతారు. అంతే. మొత్తం దించితే రోజు అయిపోయిందని, మొత్తం ఎత్తితే లాంచీ ఉందని, సగం దించితే ఇవాళ ఇక రోడ్డు పట్టుకోమని అర్థం. వీధి మలుపు దగ్గరనుంచే ఆ సగం షట్టరు చూసి వెనక్కి తిరిగిపోతారు ఊరివాళ్ళు. చుట్టూ తిరిగి వెళ్ళే బస్సు మధ్యాహ్నం మూడున్నరకు ఉంటుంది, మూడు గంటల దారి.

ఈ అలవాటు ఎందుకు వచ్చిందో చెప్పమంటే టికెట్టక్క అత్తగారు చెబుతుంది, అదీ మనసు బాగున్న రోజున. టికెట్టక్క మామగారు కూడా సరంగే. ఆయన రోజుల్లో టికెట్ గదిలో ఉండే గుమాస్తా ఒకనాడు జనం పోరు పడలేక, "లాంచీ రాదు, పొండి!" అని అరిచాడు. ఆ రోజు లాంచీ నిజంగానే రాలేదు. లాంచీ మీద ముగ్గురు వెళ్ళారు, మర్నాడు ఇద్దరు వచ్చారు. మామగారు వచ్చిన ఇద్దరిలో ఒకరు గానీ ఆ తర్వాత చక్రం పట్టుకోలేదు. ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునే కన్ను మూశారు. అప్పటినుంచి ఆ రేవులో ఆ మూడు మాటలు ఎవరి నోటా రావు. మనిషి నీళ్ళ మీద ఉండగా అసలే రావు.

పోయినేడు గాలి రోజుల్లో ఒక పెద్దావిడ వచ్చింది. ఈ దేశపు మనిషి కాదు. తెల్లటి జుట్టు, చేతిలో చిన్న పెట్టె, మెడలో కళ్ళజోడు. షట్టరు సగం దించి ఉంది. ఊరివాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం ఎదురుగా బల్ల మీద కూర్చుంది, టికెట్ మనిషి భోజనానికి వెళ్ళిందేమో, వస్తుందేమో అన్నట్టు. గంట చూసి లేచి వచ్చి, షట్టరు కిందనుంచి వంగి ఏదో అడిగింది. టికెట్టక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు ఆవిడ చేసే పని ఒక్కటే, నవ్వడం. నవ్వి తలూపింది. పెద్దావిడ మళ్ళీ వెళ్ళి కూర్చుంది. మరో గంటకు ఒక చీటీ రాసి తెచ్చి షట్టరు లోపలి బల్ల మీద పెట్టింది. టికెట్టక్క చీటీ తీసుకుని మళ్ళీ నవ్వి, మళ్ళీ తలూపింది. మూడున్నర బస్సు వెళ్ళిపోయింది. ఐదు గంటలకు పెద్దావిడ పెట్టె తీసుకుని వెళుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆ చూపులో కోపం లేదు.

చీటీ ఎవరికైనా చూపించి చదివించుకోవచ్చు. చూపిస్తే, ఆ రోజు ఏం చేశావని అడుగుతారు. నవ్వి తలూపానని చెప్పాలి. అందుకని చీటీ సొరుగులోకి వెళ్ళింది. సొరుగు తీసినప్పుడల్లా కనబడేది, ముల్లులా. చివరికి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ చీటీ తనే చదవాలి. లైబ్రరీ మేడ మీద పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెబుతారని టాక్సీ తమ్ముడు అన్నాడు. అతనూ అందులోనే చేరాడు.

చెప్పేది ఒక టీచరు. ఉద్యోగం మానక ముందు ఇరవై ఏళ్ళు వాతావరణ కేంద్రంలో గాలి ఎంత, వాన ఎంత అని లెక్కలు రాసేది. అందుకే వీధిలో ఆవిడకు గాలివాన టీచరని పేరు. ఆవిడ చెప్పే పుస్తకంలో మూడే భాగాలు. మొదట వాతావరణం, తర్వాత పర్యావరణం, ఆఖర్న ప్రయాణం. "ఇంగ్లీషంతా నేర్పను, నాకూ అంత రాదు," అనేది మొదటి రోజే. "ఆకాశం, నేల, దారి. ఈ మూడింటి గురించి మాట్లాడగలిగితే ఎక్కడైనా బతికేయొచ్చు."

టికెట్టక్క అన్నిటికంటే వెనక, కిటికీ పక్కన కూర్చునేది. కుదురుగా కూర్చునేది కాదు. సాయంత్రం లాంచీ ఆరింటికి వస్తుంది, క్లాసు ఐదున్నరకు. ఆ అరగంట ఆవిడ కాళ్ళు బల్ల కింద ఒక చోట నిలిచేవి కావు. ఆఖరి లాంచీ టికెట్లు అవతలి ఒడ్డున ఇస్తారు కాబట్టి గదిలో పనేమీ లేదు. పని లేకపోవడం వేరు, మనసు రేవులో ఉండకపోవడం వేరు.

ఒకరోజు టీచరు, ఇవాళ వెదర్ ఎలా ఉందో చెప్పమంది. అందరూ ఫోన్లు తీశారు. టికెట్టక్క కిటికీ కర్టెన్ వంక చూసింది. కాసేపు చూసి, లోగొంతుతో, "వెస్ట్ విండ్. స్మాల్ నౌ. ఆఫ్టర్ టూ అవర్స్, స్ట్రాంగ్," అంది. ఫోన్లన్నీ ప్రశాంతం అన్నాయి. రాత్రి భోజనాల వేళకు వీధిలో సైన్ బోర్డులు ఊగిపోయాయి.

"నేను ఇరవై ఏళ్ళు యంత్రాన్ని చూసి చెప్పిన మాట, నువ్వు కర్టెన్ చూసి చెప్పావమ్మా," అంది టీచరు మర్నాడు.

"అక్కకి గవర్నమెంటు వాళ్ళు కర్టెన్ల కార్ఖానా పెట్టివ్వాలి," అన్నాడు టాక్సీ తమ్ముడు.

పర్యావరణం పాఠంలో, మీరు పనిచేసే చోట వచ్చిన ఒక మార్పు రాయమన్నారు. టికెట్టక్క ఇంటికి వెళ్ళి పాత క్యాలెండర్లన్నీ దించింది. షట్టరు సగం దించిన రోజుల్లో పెన్సిలుతో అడ్డగీత పెట్టడం ఆవిడకు అలవాటు. మొదటి ఏడాది ఆరు గీతలున్నాయి. ఈ ఏడాది, ఇంకా మూడు నెలలు మిగిలి ఉండగానే ముప్ఫై ఒకటి. పడమటి ఒడ్డున చెట్లు కొట్టేసి హోటళ్ళు కట్టారు. గాలికి అడ్డు పోయింది. సరస్సులో ఇసుక మేట వేసి నీటి లోతు తగ్గింది, లోతు తగ్గిన నీటికి కోపం తొందరగా వస్తుంది. ఇదంతా ఆవిడ ఎనిమిది చిన్న వాక్యాల్లో రాసింది. ఆ వాక్యాలు టీచరు రెండుసార్లు చదివింది. ఆ కాగితం తన దగ్గరే ఉంచుకుంది.

ఇంత బాగా సాగిన చదువు ప్రయాణం పాఠం దగ్గర చతికిలబడింది. ఖాళీలు పూరించమని పది వాక్యాలిచ్చారు. తుఫాను వల్ల ఇవాళ రైలు ఏమవుతుంది, పొగమంచు వల్ల విమానం ఏమవుతుంది, గాలి వల్ల పడవ ఏమవుతుంది. పదింటికి పదీ టికెట్టక్కవి తప్పులే. ఆవిడ పుస్తకంలో రైలు వస్తుంది, విమానం వస్తుంది, పడవ తప్పకుండా వస్తుంది.

టాక్సీ తమ్ముడు తొంగి చూశాడు. "అక్కా, నీ పుస్తకంలో తుఫానొచ్చినా విమానం దిగిపోతోంది. ఆ కంపెనీ ఏదో చెప్పు, నేనూ టికెట్ కొనుక్కుంటాను."

క్లాసంతా నవ్వింది. టికెట్టక్క కూడా నవ్వింది. సిగ్గేసినప్పుడు నవ్వే నవ్వు అది.

అందరూ వెళ్ళాక టీచరు ఆవిడను ఆపింది. "నీకు రాక కాదు. ఏమిటి సంగతి?"

టికెట్టక్క గడియారం చూసింది, కిటికీలోంచి నీళ్ళు చూసింది, చెప్పులు చూసింది. తర్వాత చెప్పింది. మామగారి సంగతి, గుమాస్తా సంగతి, షట్టరు సంగతి.

"ఇరవై ఏళ్ళు నేను తుఫాను వస్తుందని రాశానమ్మా," అంది టీచరు. "నేను రాశానని వచ్చిందా? వస్తోందని రాశాను."

"నిజమేనండీ. కానీ మీ ఇంట్లో ఎవరూ నీళ్ళ మీద లేరు కదా."

టీచరు పుస్తకం మళ్ళీ తన ముందుకు లాక్కుంది. ఎర్ర పెన్ను తీసి, వేసిన పది ఇంటూల మీదా ఒక్కొక్క చుక్క పెట్టింది, మళ్ళీ చూద్దాం అన్నట్టు.

నోటుబుక్కు పిన్ని చేతిలో పడింది ఆ వారమే.

పుకారు ఇంటికి చేరేసరికి అందరికంటే ఆలస్యమైంది, పుకార్లన్నీ అంతే. సరంగు అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు. "టైలరు పిన్ని ఏదో అంటోంది."

"ఏమంటోంది?"

"నువ్వు దేశాలు పట్టుకుని పోతున్నావట."

"మీరేమన్నారు?"

"పోతే పోనీ అన్నాను. అయినా నీకు టికెట్ ఎవరిస్తారు? గదిలో కూర్చునేది నువ్వే కదా."

ఆవిడకు నవ్వొచ్చింది, కానీ అత్తగారు నవ్వలేదు. కంచం ముందు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుంది. "నువ్వు పోతావని నేననుకోను. పోయేదానివైతే పిన్ని దగ్గర కర్టెన్లు కుట్టించవు. చదువు కోరుకున్నావు, చదువుకో. నాకు కావలసింది ఒక్కటే. ఆ మాట మాత్రం ఆ భాషలో కూడా అనకు."

"ఇంగ్లీషులో అంటే నీళ్ళకి అర్థమవుతుందా అత్తయ్యా?"

"నీళ్ళకి అన్ని భాషలూ వచ్చు," అంది అత్తగారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, లాంచీ వెళ్ళిన పదో నిమిషాన, టికెట్టక్క సొరుగు తెరిచి చీటీ బయటికి తీసింది. బస్, రోడ్ లాంటి మాటలు ఉన్నాయేమోనని ఇదివరకు వెతికింది, లేవు. అక్షరాలు గొలుసుకట్టుగా ఉన్నాయి. వేలు పెట్టి ఒక్కొక్కటే విడదీసింది. రెండే వాక్యాలు. ఈజ్ దేర్ ఎనీ అదర్ వే? మై సిస్టర్ ఈజ్ వెయిటింగ్.

తిట్టు కాదు. ఫిర్యాదు కాదు. వేరే దారి ఏదైనా ఉందా అని అడిగింది పెద్దావిడ. అక్క కోసమో, చెల్లెలి కోసమో. అవతల ఎవరో ఎదురుచూస్తున్నారు. ఉంది. వేరే దారి ఉంది. మూడున్నర బస్సు. లైబ్రరీ దగ్గర ఎడమకు తిరిగితే పది నిమిషాల నడక. చీటీ చేతికిచ్చేటప్పటికి ఇంకా గంట టైముంది. ఆ గంటా తను నవ్వుతూ తలూపింది.

ఆ రోజు ఆవిడ నాలుగుసార్లు మెట్ల దాకా వెళ్ళి వచ్చింది, లాంచీ వేళకే వచ్చినా సరే.

తర్వాతి గురువారం పొద్దున పది గంటలకు లాంచీ కదిలినప్పుడు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పదిన్నర అయ్యేసరికి పడమటి నుంచి గాలి ఒక్కసారిగా లేచింది. టికెట్టక్క బల్ల మీది టికెట్ల కట్ట ఎగిరి గోడకు కొట్టుకుంది. మెట్ల దాకా పరుగెత్తింది. నీటి మీద తెల్లటి నురగలు తప్ప ఏమీ కనబడటం లేదు. లాంచీ అవతల చేరిందో, మధ్యలో ఉందో తెలియదు. అవతల టికెట్లిచ్చే మనిషి సాయంత్రానికి గానీ రాడు, సరంగుకే ఫోన్ చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ. పదకొండుకు షట్టరు సగానికి దించింది.

పన్నెండుకు అత్తగారు టిఫిన్ క్యారియర్ తీసుకుని వచ్చింది. సగం షట్టరు చూసింది, నీళ్ళు చూసింది. లోపలికి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. ఇద్దరూ క్యారియర్ తెరవలేదు.

ఒంటిగంటన్నరకు ఒక పరదేశి జంట వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మగమనిషి కాలికి కట్టు, చంకలో కర్ర. ఆడమనిషి వీపున పెద్ద సంచి. ఇద్దరూ సగం షట్టరు వంక చూసి, ఒకరితో ఒకరు ఏదో అనుకుని, ఎదురు బల్ల మీద కూర్చున్నారు. అదే బల్ల.

టికెట్టక్క షట్టరు వైపు కదిలింది. రెండడుగులు వేసింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ వేసింది. షట్టరు కింద వంగి బయటికి వచ్చి నిలబడింది.

"గో వేర్?"

అవతలి ఒడ్డుకు, అక్కడ ఏడింటికి రైలుంది అని చెప్పారు వాళ్ళు. అంత మాత్రం ఆవిడకు అర్థమైంది, అర్థమైనందుకు మరింత భయమేసింది. మూడున్నర బస్సెక్కితే ఆరున్నరకు చేరతారు. ఎక్కకపోతే అంతే.

ఆ మాట అనకుండా చెప్పే దారి ఉండకపోదు అనుకుంది. "విండ్ వెరీ స్ట్రాంగ్," అంది.

"యెస్! వెరీ విండీ!" అంది ఆడమనిషి సంబరంగా, జుట్టు వెనక్కి తోసుకుంటూ. వాళ్ళకు అది కుశల ప్రశ్న.

"వేవ్స్ బిగ్."

"బ్యూటిఫుల్!" అని ఆయన ఫోన్ తీసి అలలను ఫొటో తీసుకున్నాడు.

"బస్ ఈజ్ గుడ్," అంది టికెట్టక్క.

"వీ లవ్ బోట్స్," అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఆవిడ బాధ పడకూడదన్నట్టు.

ఆవిడ లోపలికి వచ్చేసింది. గోడ గడియారంలో రెండు దాటింది. ఫోన్ చేసింది. మోగలేదు. రెండుంపావు. రెండున్నర. బల్ల మీద వాళ్ళు బ్రెడ్డు ముక్కలు పంచుకుంటున్నారు. సొరుగు కొంచెం తెరుచుకుని ఉంది, చీటీ అంచు కనబడుతోంది. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది, నిద్ర మాత్రం కాదు. మనిషి నీళ్ళ మీద ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే, ఆ మాట అనకూడని రోజంటూ ఏదైనా ఉంటే అది ఇవాళే. కాలికి కట్టున్న మనిషి బస్టాపుకు నడవాలంటే పది నిమిషాలు చాలవు, పాతికైనా పడుతుంది. మూడు అయిందంటే ఇక చెప్పినా దండగే.

మూడుకు ఐదు నిమిషాలు తక్కువ. టికెట్టక్క సొరుగు మూసింది. షట్టరు కింద వంగింది. బల్ల ముందు నిలబడి, ఇవాళ నవ్వకుండా, ఒక్కొక్క మాటా రాయిలా పెట్టింది.

"ద లాంచ్ విల్ నాట్ కమ్ టుడే."

వాళ్ళ ముఖాలు మారాయి.  ఆ ఒక్కటీ బయట పడ్డాక, వెనక ఇరుక్కున్నవన్నీ వాటంతట అవే వచ్చేశాయి. "ద లాస్ట్ బస్ ఈజ్ ఎట్ త్రీ థర్టీ. గో స్ట్రెయిట్. లైబ్రరీ, టర్న్ లెఫ్ట్. త్రీ అవర్స్. యు విల్ గెట్ యువర్ ట్రెయిన్. ప్లీజ్ గో నౌ."

ఆడమనిషి లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపింది. తర్వాత ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా కర్ర చప్పుడు వినబడుతూనే ఉంది.

తిరిగి చూసేసరికి అత్తగారు షట్టరు కింద నిలబడి ఉంది.

"ఏమన్నావు?"

"మూడున్నరకి బస్సుందన్నాను."

"దానికి ముందు ఇంకోటి అన్నావు."

 అత్తగారు టికెట్టక్కను దాటుకుని వెళ్ళి, సిమెంటు మెట్ల మీద, నీళ్ళకెదురుగా కూర్చుంది. వీపు మాత్రం ఇటు. టికెట్టక్క గదిలోకి, గదిలోనుంచి మెట్ల మీదికి, మళ్ళీ గదిలోకి. టికెట్ల కట్ట లెక్కపెట్టింది, మధ్యలో మరిచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. నీళ్ళకి అన్ని భాషలూ వచ్చు. అన్నీ వచ్చు. మూడున్నరకు దూరంగా బస్సు హారన్ వినబడింది. నాలుగయింది.

నాలుగుంపావుకు ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నేనే," అన్నాడు సరంగు. "నా ఫోన్ తడిసి చచ్చింది. దిగినవాళ్ళు దిగినట్టే పోయారు. ఈ కొట్టాయన పొద్దున్నుంచీ తలుపేసుకుని ఎక్కడికో పోయి ఇప్పుడే వచ్చాడు, ఇది ఆయన ఫోను. లాంచీ పదకొండు కాకముందే ఇక్కడ కట్టేశాను. రేపు గాలి తగ్గాక వస్తా. తిన్నావా?"

"తిన్నాను," అని అబద్ధం చెప్పి, టికెట్టక్క మెట్ల మీదికి వెళ్ళింది. అత్తగారి పక్కన కాస్త ఎడంగా కూర్చుంది. చాలా రోజుల తర్వాత కుదురుగా కూర్చోవడం.

"అవతల ఉన్నారట."

అత్తగారు ఇటు తిరిగింది. "ఎప్పుడు కట్టాడట?"

"పదకొండు కాకముందేనట."

ముసలావిడ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "అంటే, నువ్వు ఆ మాట అనే వేళకి వాడు ఒడ్డున కూర్చుని టీ తాగుతున్నాడన్నమాట."

"అంతే అత్తయ్యా."

"ఆ కర్రాయనకి బస్సు దొరికిందా?"

"దొరికే ఉంటుంది."

గాలి ఇంకా కొడుతూనే ఉంది. అత్తగారు లేచింది, మోకాలి మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా. "నోటితో మళ్ళీ అనకు. నా ప్రాణం తట్టుకోలేదు. రాసి తగిలించు. నీళ్ళకి భాషలన్నీ వచ్చుగానీ, చదువు రాదు." నాలుగడుగులు వేసి ఆగింది. "పెద్ద అక్షరాలు రాయి. కళ్ళజోడు వాళ్ళు కూడా వస్తుంటారు."

ఇప్పుడు రేవులో షట్టరు సగం దించిన రోజున దాని కింద ఒక రేకు బోర్డు వేలాడుతుంది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. తెలుగులో లాంచీ మాటే లేదు, బస్సు సంగతి మాత్రమే ఉంది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. మొదటి వరుస ఆ మాటే. గాలివాన టీచరు వచ్చి చదివి, ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఆ పాత పది వాక్యాల పుస్తకం తెప్పించుకుని చూసింది గానీ, టికెట్టక్క వాటిని మార్చలేదు. అందులో రైళ్ళూ విమానాలూ ఇప్పటికీ వేళకే వస్తున్నాయి.

పుకారు చచ్చిపోలేదు, కొత్త ఆకులు వేసింది. కర్ర పట్టుకున్న దొర, దొరసాని స్వయంగా వచ్చి మాట్లాడుకుని వెళ్ళారట. చేతులు పట్టుకుని మరీ ఒప్పందం చేసుకున్నారట. వీసా ఆ నీలం బోర్డు నంబరు మీదే వస్తుందట. కుట్టిన కర్టెన్లు మడత పెడుతూ టైలరు పిన్ని అడిగింది. "నిజం చెప్పవే, ఎప్పుడు ప్రయాణం?"

"గాలి తగ్గాక," అంది టికెట్టక్క, సంచిలో నోటుబుక్కు ఉందో లేదో చూసుకుంటూ.

పిన్నికీ, వీధికీ తెలియనిది ఒక్కటే. పదకొండేళ్ళుగా అవతలి ఒడ్డుకు టికెట్లిస్తున్న ఆ మనిషి ఇప్పటిదాకా లాంచీ ఎక్కలేదు. చెక్కల వంతెన మీద రెండడుగులు వేస్తే చాలు, ఆవిడకు కడుపులో తిప్పుతుంది.